గాలితిత్తులతో ఆకాశాన్ని అనుకరించిన ఎడ్విన్ లింక్

విశాఖపట్నంలో బయలుదేరిన ఓడ అండమాన్‌లోని హాడో రేవుకు చేరేసరికి ప్రయాణికులకు సముద్రంపై రెండు రోజులకు పైగా గడిచిపోతాయి. సుమారు 1,200 కిలోమీటర్ల ఆ దూరాన్ని, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న ఔత్సాహికుడు 1970ల నాటి లియర్‌జెట్ 35 విమానంలో గంటన్నరకు అటూ ఇటూగా దాటేయగలడు. అందుకు ఇంధనం ఖర్చు కాదు, లైసెన్సు అక్కర్లేదు, రన్‌వే తప్పినా ఎవరికీ దెబ్బ తగలదు. ఫ్లైట్ సిమ్యులేటర్‌గా ప్రపంచమంతా ఎరిగిన ఈ సాధనం మూలాలు అమెరికాలోని ఒక పియానో ఫ్యాక్టరీలో, సంగీత వాద్యాలకు ఊపిరి పోసే గాలితిత్తుల్లో ఉన్నాయి. ఆ తిత్తులను విమానయానానికి మళ్లించినవారు ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్. పాత వైమానికుల నోట వినిపించే లింక్ ట్రెయినర్ అనే మాటలో లింక్ అంటే బంధమో, గొలుసుకట్టో కాదు. అది ఆయన ఇంటిపేరు.

లింక్ 1904 జులై 26న ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్‌లో జన్మించారు. ఆయన ఆరేళ్ల వయసులో కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌కు తరలివెళ్లింది. దివాలా తీసిన ఒక స్వయంచాలక వాద్యాల కంపెనీని తండ్రి అక్కడ కొనుగోలు చేసి, లింక్ పియానో అండ్ ఆర్గాన్ కంపెనీగా నిలబెట్టారు. మూకీ చిత్రాలు ఆడే థియేటర్లకు ఆర్గాన్‌లు, నాణెం వేస్తే వాటంతట అవే పాడే పియానోలు అక్కడ తయారయ్యేవి. చదువులో పెద్దగా రాణించని కొడుకు, ఫ్యాక్టరీలో మాత్రం చేయి తిరిగిన పనివాడయ్యారు. ఆర్గాన్ లోపలి కవాటాలు, గొట్టాలు, తిత్తులు ఏ మీట నొక్కితే ఎలా స్పందిస్తాయో ఆయనకు కరతలామలకం. మన నాటకాల హార్మోనియంలో తిత్తి ఊపిరి పోస్తే స్వరం పలుకుతుంది. స్వయంచాలక పియానోలో పని తిరగబడుతుంది. తిత్తిలోంచి గాలిని పీల్చేస్తే అది ముడుచుకుంటుంది, ఆ ముడుచుకునే బలం సుత్తిని కదిలించి తీగను మీటుతుంది. గాలి పీల్చడం, వదలడం అనే ఈ చిన్న సూత్రమే తర్వాత లక్షల మంది పైలట్ల చదువుకు ఆధారమైంది.

1920లో, పదహారేళ్ల వయసులో, లింక్ తొలి విమాన పాఠానికి వెళ్లారు. అది లాస్ ఏంజెలిస్‌లో చార్లీ చాప్లిన్ అన్న సిడ్నీ నడిపిన విమానాల సంస్థ. పాఠం రుసుము 50 డాలర్లు, ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. విమానం గాలిలో పల్టీలు కొట్టింది, నేలను తాకుతుందేమో అన్నంత కిందకు దూసుకొచ్చింది. పాఠం ముగిసేవరకు కంట్రోల్ కడ్డీని ముట్టుకునే అవకాశం మాత్రం శిష్యుడికి దక్కలేదు. నేర్పవలసినది నేర్పకుండానే డబ్బు తీసుకునే ఈ పద్ధతి ఆయన మనసులో చాలాకాలం నిలిచిపోయింది. 1926లో ఒంటరిగా విమానం నడిపే దశకు చేరారు. సెస్నా కంపెనీ తొలినాళ్లలో తయారు చేసిన విమానం ఒకటి సంపాదించి, ఊరూరా ప్రయాణికులను ఎక్కించుకుని తిప్పుతూ, పాఠాలు చెబుతూ పొట్టపోసుకున్నారు. విమానం గంట ఎగిరితే అయ్యే ఖర్చు, ఆ గంటలో విద్యార్థి నిజంగా నేర్చుకునేది రెండింటికీ మధ్య ఎంత దూరమో అప్పుడే ఆయనకు తెలిసింది.

ఫ్యాక్టరీ నేలమాళిగలో ఏడాదిన్నర శ్రమించి లింక్ ఒక యంత్రం నిర్మించారు. చూడడానికి పిల్లల బొమ్మ విమానంలా ఉండేది. పొట్టి రెక్కలు, తోక, ఒక మనిషి పట్టే తొట్టి. దాని కింద తిత్తులను అమర్చి, విద్యుత్ మోటారుతో నడిచే పంపుకు కలిపారు. కడ్డీని ముందుకు నెడితే ఒక తిత్తి ముడుచుకుని ముక్కు వంగేది, పక్కకు వంచితే అటువైపు తిత్తి కుంగి రెక్క వాలేది. కాళ్ల కింది పెడళ్లు తొక్కితే మొత్తం యంత్రం పీఠం మీద గిర్రున తిరిగేది. నేల మీదనే ఉండి విమానం స్పందనను చేతులకూ కాళ్లకూ పరిచయం చేయడం దీని ఉద్దేశం. 1929 ఏప్రిల్ 14న పేటెంట్‌కు దరఖాస్తు చేయగా, 1931 సెప్టెంబరులో మంజూరైంది. విద్యార్థి వైమానికుల శిక్షణకూ, వినోదానికీ కూడా పనికొచ్చే సాధనంగా ఆ పేటెంట్ శీర్షికలోనే పేర్కొనడం విశేషం. ఇంట్లో కూర్చుని విమానం నడిపేవారిని చూసి ఇది ఆటా, చదువా అని నేడు నడిచే చర్చకు ఆ శీర్షిక 1929లోనే జవాబు చెప్పేసింది.

శిక్షణ సంస్థలు ఆ యంత్రాన్ని పట్టించుకోలేదు. సైన్యానికీ ఆసక్తి కలగలేదు. కొన్నది వినోద పార్కుల వాళ్లు. నాణెం వేసి పిల్లలూ పెద్దలూ ఎక్కి దిగే జాతర బండిగా అది కొంతకాలం తిరిగింది. ఆర్థిక మాంద్యం ముదిరి, మాటల చిత్రాలు వచ్చాక థియేటర్ ఆర్గాన్‌లకు గిరాకీ పడిపోయి, కుటుంబ వ్యాపారమూ చితికింది. లింక్ తన యంత్రాలతోనే బింగ్‌హామ్‌టన్‌లో విమాన పాఠశాల తెరిచి, తక్కువ రుసుముకే పాఠాలు చెప్పారు. రాత్రివేళల్లో విమానం రెక్కల కింద విద్యుత్ దీపాలతో అక్షరాలు వెలిగిస్తూ ప్రకటనలు మోశారు. ఆ దీపాల వెలుగును నియంత్రించింది కూడా పియానో ఫ్యాక్టరీలో నేర్చిన విద్యే. 1931లో పత్రికా విలేకరి మారియన్ క్లేటన్‌ను వివాహమాడారు. ఆ తర్వాతి యాభై ఏళ్లు ఆయన ప్రతి సాహసంలోనూ ఆమె భాగస్వామి.

లింక్ యంత్రానికి గుర్తింపు తెచ్చింది ఒక జాతీయ విషాదం. 1934 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రైవేటు విమాన సంస్థల తపాలా ఒప్పందాలను రద్దుచేసి, ఆ పనిని సైనిక వైమానిక దళానికి అప్పగించారు. గడ్డకట్టే చలి, మంచు, రాత్రి ప్రయాణం. సైనిక పైలట్లలో అధికులకు బయట ఏమీ కనిపించనప్పుడు కేవలం మీటర్లను చూస్తూ విమానం నడిపే అనుభవం లేదు. కొద్ది వారాల వ్యవధిలో డజను మంది ప్రాణాలు కోల్పోయారు.

వాళ్లను చంపింది వాతావరణం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మనిషి చెవి లోపల ద్రవం నిండిన మూడు సన్నని గొట్టాలు తల తిరుగుడును పసిగడతాయి. విమానం ఒకే వేగంతో మలుపులో కొనసాగితే కాసేపటికి ఆ ద్రవమూ దానితో సమంగా తిరుగుతుంది, ఇక మలుపు ఉన్నట్టే తోచదు. మీటరును చూసి పైలట్ విమానాన్ని సరిచేస్తే, శరీరానికి ఇప్పుడు ఎదురు దిక్కుకు ఒరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఆ అనుభూతిని నమ్మినవాడు మళ్లీ పాత మలుపులోకే జారి, మేఘంలో సుడి తిరుగుతూ నేలకూలుతాడు. ఎంత ధైర్యశాలికైనా ఇందులో మినహాయింపు లేదు. శరీరం చెప్పేది కాదని, సూది చూపేదే నిజమని ఒప్పుకోవడానికి అభ్యాసం కావాలి. ఆ అభ్యాసాన్ని గాలిలో చేస్తే ఒక్క పొరపాటుకే ప్రాణం పోవచ్చు.

లింక్ యంత్రం ఈలోగా ఎదిగింది. తొట్టిపైన మూత మూసేస్తే లోపల చీకటి, వెలిగే మీటర్లు మాత్రమే మిగిలేవి. బయట బల్ల దగ్గర శిక్షకుడు కూర్చుని రేడియోలో ఆదేశాలిచ్చేవారు. పటం మీద మూడు చక్రాల చిన్న పరికరం పీతలా పాకుతూ, విద్యార్థి ఊహలో ఎగిరిన దారిని సిరాతో గీసి చూపేది. ఈ సాధనాన్ని పరిశీలించేందుకు సైనిక అధికారులు న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయంలో లింక్ కోసం వేచి చూశారు. దట్టమైన పొగమంచు కమ్మడంతో ఇక ఎవరూ రాలేరని వెనుదిరగబోతుండగా, మంచులోంచి ఆయన విమానం దిగింది. మీటర్లు చూసి నడపడం నేర్చుకోదగిన విద్యేనని నిరూపించడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆ వేసవిలో సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది.

రెండో ప్రపంచ యుద్ధం ఆరు యంత్రాలను వేలకు పెంచింది. నీలిరంగు పూసిన ఆ తొట్టిని కుర్ర పైలట్లు నీలిపెట్టె అని పిలిచేవారు. 10,000కు పైగా తయారైన ఈ పెట్టెల్లో సుమారు 5 లక్షల మంది వైమానికులు శిక్షణ పొందారు. బ్రిటన్, కెనడా తదితర మిత్రదేశాల్లోనే కాదు, యుద్ధానికి ముందే అమ్ముడైన వాటిలో జపాన్ నౌకాదళం వాటా కూడా ఉంది. 1942 మార్చిలో జపాన్ సేనలు అండమాన్ దీవులను ఆక్రమించాయి. తర్వాతి నెలలోనే పోర్ట్ బ్లెయిర్ జలాల్లో నిలిచిన జపాన్ ఎగిరే పడవలపై బ్రిటిష్ వైమానిక దళపు హడ్సన్ విమానాలు దాడి చేశాయి. ఒకే ఫ్యాక్టరీ యంత్రాలు కొన్న రెండు నౌకా, వైమానిక శక్తులు హాడో పరిసర ఆకాశంలో ఎదురుపడ్డాయన్నమాట. ఆయుధ వ్యాపారుల విషయంలో ఇలాంటివి మామూలే. పాఠం చెప్పే యంత్రానికీ అదే గతి పట్టడం ఆలోచింపజేస్తుంది.

యుద్ధకాలంలోనే నావికా విద్యలో దిట్ట అయిన పి.వి.హెచ్. వీమ్స్‌తో కలిసి లింక్, నక్షత్రాలను చూసి దారి తెలుసుకునే శిక్షణ కోసం 45 అడుగుల ఎత్తు గల గోపురాన్ని నిర్మించారు. లోపల పైకప్పున నక్షత్రాలు వెలుగుతూ, కాలంతో పాటు కదిలేవి. యుద్ధం ముగిశాక తిత్తుల స్థానంలో ఎలక్ట్రానిక్ గణన యంత్రాలు వచ్చాయి. జెట్ విమానాల అనుకరణలు తయారయ్యాయి. 1954లో ఆయన కంపెనీని జనరల్ ప్రెసిషన్ ఎక్విప్‌మెంట్ సంస్థకు అమ్మేశారు. అదే లింక్ పేరుతో తర్వాత జెమిని, అపోలో వ్యోమగాముల శిక్షణ యంత్రాలు కూడా వెలువడ్డాయి.

ఆ దశాబ్దాల్లోనే వ్యాపారుల కోసం చిన్న జెట్ విమానం అనే ఊహకు బిల్ లియర్ రూపమిచ్చారు. తొలి లియర్‌జెట్ 1963 అక్టోబరు 7న విచిటాలో గాలిలోకి లేచింది. మరుసటి ఏడాది జూన్‌లో ధ్రువీకరణ పరీక్షల సందర్భంగా అదే విమానం కూలిపోయింది. రెక్కలపై లేచి విమానం లేవనెత్తే బలాన్ని తగ్గించే స్పాయిలర్ పలకలను మూయడం మరిచి, ఒకే ఇంజన్‌తో ఎగిరే పరీక్షకు ప్రభుత్వ పైలట్ పూనుకోవడం అందుకు కారణం. లోపలివారు ప్రాణాలతో బయటపడ్డారు, విమానం కాలిపోయింది. ఒక మీటను మరిచిపోవడం అంటే ఏమిటో తెలియజెప్పే ఈ ఉదంతాన్ని నేడు ఇంటి సిమ్యులేటర్‌లో ఎవరైనా ఎన్నిసార్లయినా తిరిగి ప్రదర్శించి చూడవచ్చు. ప్రతిసారీ పునఃప్రారంభం అనే మీట ఒకటి అందుబాటులో ఉంటుంది.

1973లో తొలిసారి ఎగిరిన లియర్‌జెట్ 35 నేటి ఔత్సాహికులకు ఇష్టమైన పాత విమానాల్లో ఒకటి. నేటి విమానాల్లా అది పైలట్ పనిని తన భుజాన వేసుకోదు. ఇంజన్ల వేగాన్ని తనంతట సరిచూసుకునే ఏర్పాటు దానిలో లేదు, త్రాటిల్ మీద చేయి తీయడానికి వీల్లేదు. విశాఖ నుంచి అండమాన్ దారిలో 41,000 అడుగుల ఎత్తున సాగుతుంటే, ఎప్పుడు కిందకు దిగడం మొదలుపెట్టాలో మనసులోనే లెక్క కట్టాలి. ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు అన్న పాత సూత్రం ప్రకారం గమ్యానికి 120 నాటికల్ మైళ్లకు పైగా దూరం ఉండగానే ముక్కు దించాలి. అప్పటికి తెరపై నీళ్లు తప్ప ఒక్క దీవి కూడా కనిపించదు. ఆలస్యం చేస్తే వేగం తగ్గదు, ఎత్తు తగ్గదు. వీర్ సావర్కర్ విమానాశ్రయంలో ఒక కొసన కొండలు అడ్డు కావడంతో దిగే దిక్కును ఎంచుకునే వెసులుబాటు కూడా స్వల్పమే. 3,290 మీటర్ల రన్‌వే హాడోకు దక్షిణాన, కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఉంది. తెర మీద దాన్ని సరిగా పట్టుకోవడానికి మాత్రం కొన్ని సాయంత్రాలు పడుతుంది.

లింక్ దృష్టితో చూస్తే ఇంటి సిమ్యులేటర్‌లో ఒక లోటు ఉంది. కుర్చీ కదలదు కనుక చెవి అబద్ధం చెప్పదు. సూదిని నమ్మడం ఇక్కడ తేలిక, ఎందుకంటే దానికి ఎదురు చెప్పే శరీరమే ఆ ప్రయాణంలో లేదు. నీలిపెట్టె కుదుపుల్లో చెమటోడ్చిన విద్యార్థి నేర్చుకున్నది దీనికన్నా కఠినమైన పాఠం. అయితే వరుస తప్పకుండా పనులు చేయడం, ఒక మీటరు మీదే చూపు నిలపకుండా అన్నిటినీ చుట్టి రావడం ఇంటి బల్ల మీదా అలవడుతుంది.

పాత లియర్‌జెట్‌లో అలా తప్పక చూడవలసిన మీటర్లలో ఒకటి క్యాబిన్‌లోని గాలి పీడనాన్ని సూచించేది. 40,000 అడుగులకు పైన పీడనం పోతే మనిషికి తెలివి నిలిచేది 15 నుంచి 20 సెకన్లు మాత్రమే. 1999 అక్టోబరు 25న గోల్ఫ్ క్రీడాకారుడు పేన్ స్టువర్ట్ సహా మొత్తం ఆరుగురు ఉన్న లియర్‌జెట్ 35, పీడనం కోల్పోయి, లోపలివారు స్పృహలో లేకుండానే గంటల తరబడి ఎగిరి దక్షిణ డకోటాలో కూలింది. దగ్గరగా వెళ్లిన యుద్ధ విమానాల పైలట్లకు మంచు పట్టిన కిటికీలు తప్ప ఏమీ కనిపించలేదు. ఊపిరికి తగిన గాలి లేకపోవడం అనే ఈ ముప్పునే, ఆకాశంలో కాక సముద్రగర్భంలో, లింక్ అంతకు పాతికేళ్ల ముందే తన ఇంట చవిచూశారు.

విమానయానాన్ని విడిచిన లింక్ సముద్రాన్ని చేపట్టారు. భార్యతో కలిసి సీ డైవర్ అనే నౌకపై తిరుగుతూ, 1959లో జమైకాలో భూకంపానికి మునిగిపోయిన పోర్ట్ రాయల్ పట్టణపు శిథిలాలను వెలికితీశారు. 1692 నాటి ఆ విపత్తు గడియను సూచిస్తూ 11 గంటల 43 నిమిషాల వద్ద ఆగిపోయిన జేబు గడియారం అక్కడ దొరికిన వాటిలో ఒకటి. నీటి అడుగున మనుషులు ఎక్కువసేపు ఉండి పనిచేసే మార్గం ఆయన తదుపరి లక్ష్యం. 1962లో ఫ్రాన్స్ తీరంలో, తానే రూపొందించిన లోహపు గొట్టంలో మొదట తానే 60 అడుగుల లోతున ఎనిమిది గంటలు గడిపారు. అప్పటికి ఆయన వయసు 58. కొద్ది రోజులకే బెల్జియం వాసి రాబర్ట్ స్టెనుయి 200 అడుగుల లోతున ఒక రోజుకు పైగా నివసించారు. 1964లో స్టెనుయి, జాన్ లిండ్‌బర్గ్ కలిసి 432 అడుగుల లోతున రబ్బరు గుడారంలో 49 గంటలు ఉన్నారు.

జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామి 1971లో సిద్ధమైంది. ముందు భాగంలో పారదర్శకమైన యాక్రిలిక్ గోళం, వెనుక ఈతగాళ్ల కోసం అల్యూమినియం గది. 1973 జూన్ 17న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ సమీపంలో, చేపల ఆవాసం కోసం ముంచిన ఒక పాత యుద్ధనౌక వద్ద పరిశోధనకు దిగిన ఆ జలాంతర్గామి శిథిలాల తాళ్లలో చిక్కుకుంది. లోతు సుమారు 350 అడుగులు. లోపల నలుగురు ఉన్నారు. వెనుక గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరు లింక్ చిన్న కుమారుడు ఎడ్విన్ క్లేటన్, వయసు 31. మరొకరు ఆల్బర్ట్ స్టోవర్.

పైన నౌకపై ఉన్న తండ్రికి ఆ రాత్రంతా వేచి చూడడమే మిగిలింది. నౌకాదళ ఈతగాళ్లు ప్రయత్నించి విఫలమయ్యారు. చివరకు మరుసటి రోజు సాయంత్రం కెమెరా సాయంతో దించిన కొక్కెంతో జలాంతర్గామిని లాగగలిగారు. ముందు గోళంలోని ఇద్దరూ బతికారు. వెనుక గదిలోని ఇద్దరూ కార్బన్ డయాక్సైడ్ విషప్రభావంతో అప్పటికే మరణించారు. వదిలిన ఊపిరిలోని ఆ వాయువును పీల్చుకోవలసిన రసాయనం చలిలో సరిగా పనిచేయదు. యాక్రిలిక్ గోళం వెచ్చదనాన్ని నిలుపుకోగా, అల్యూమినియం గది సముద్రపు చలికి చల్లబడిపోయింది. రెండు గదుల గోడల తేడాయే ఎవరు బతకాలో నిర్ణయించింది. పొరపాటు చేసి నేర్చుకునేందుకు ప్రపంచానికి ఒక పెట్టె ఇచ్చిన మనిషికి, తన జలాంతర్గామి విషయంలో అలాంటి అవకాశం దొరకలేదు.

లింక్ పని ఆపలేదు. చిక్కుకున్న జలాంతర్గాములను చేరుకుని తాళ్లను కోసి, పైకి తేవడానికి తోడ్పడే పరికరం ఒకదాన్ని రూపొందించడంలో తదుపరి ఏళ్లు గడిపారు. నౌక నుంచి కేబుల్‌తో నడిచే ఆ సాధనానికి కెమెరాలు, కోసే చేతులు ఉండేవి. కొడుకు మరణించిన రోజున నౌకపై ఏది లేకపోయిందో సరిగ్గా అదే ఆయన తయారు చేశారు.

1981 సెప్టెంబరు 7న, 77 ఏళ్ల వయసులో, బింగ్‌హామ్‌టన్‌లో లింక్ కన్నుమూశారు. వ్యక్తిగత కంప్యూటర్ల మీద విమానం నడిపే కార్యక్రమాలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ తొలి రూపం మరుసటి ఏడాది నవంబరులో వచ్చింది. 1988 నాటి మూడో రూపంలో లియర్‌జెట్ 25 కూడా చేరింది. బింగ్‌హామ్‌టన్ విమానాశ్రయ మైదానానికి నేటికీ ఎడ్విన్ ఎ. లింక్ పేరే ఉంది. సిమ్యులేటర్ జాబితాలో కేబీజీఎం అనే కోడ్ ఎంచుకుంటే ఆ రన్‌వే తెర మీద ప్రత్యక్షమవుతుంది.